ఓబుల్ వాళ్ళమ్మ

మంగళవారం, ఇందిరానగర్‌లో ఒక కాఫీ షాపు కింది గది.
పద్నాలుగు కుర్చీలు, తొమ్మిది మంది.
ఆ తొమ్మిదిలో ఆరుగురు
నా తర్వాత మైకు పట్టుకోవాల్సిన వాళ్ళే.
వాళ్ళు నవ్వరు.
పక్క హోటల్లో భోజనానికి కూర్చున్న వంటవాళ్ళలా
ఉప్పు చూస్తారు, అంతే.

నా పేరు ఓబుళమ్మ. మా జేజి పేరు.
మొదటి రోజు యాంకరు చీటీ చూసి
"ఓబుల్ వాళ్ళమ్మ వచ్చారా?" అని పిలిచాడు.
ఇరవై ఆరేళ్ళ పిల్ల లేచేసరికి
గది గొల్లుమంది.
నేనింకా నోరే తెరవలేదు.
ఆ నవ్వు నాది కాదు, జేజిది.
అయినా జేబులో వేసుకున్నా.
నాలుగేళ్ళుగా అదే నా బోణీ.

జోకు రాయడమంటే
బియ్యంలో రాళ్ళేరడం కాదు,
రాళ్ళలో బియ్యం ఏరడం.
నలభై రాస్తే నాలుగు నిలుస్తాయి.
అందులో ఒకటి కన్నడంలోనే బాగుంటుంది,
ఇంకొకటి ఇంటి ఓనరు ఉండగా చెప్పకూడదు.

అద్దె మాత్రం జోకు కాదు కదా.
అందుకే కుక్కరు ప్రకటనలో అత్తగారి గొంతు నాది.
"మూడు కూతలు చాలు కోడలా!"
ఆ ఒక్క ముక్కకి వచ్చిన డబ్బు
ఆరు నెలల మంగళవారాలకి రాలేదు.
పెళ్ళిళ్ళలో సంగీత్ రాత్రి పెళ్ళికొడుకు స్నేహితుల్ని
మైకు దగ్గర్నుంచి లాగేది నేనే.
వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ వార్షికోత్సవానికి
మేడమ్ ముందే జాబితా పంపింది:
కులం వద్దు, మతం వద్దు, జీతాలు వద్దు, క్యాంటీన్ వద్దు,
డైరెక్టరు గారి విగ్గు అసలే వద్దు.
ఇక మిగిలింది ట్రాఫిక్.
సిల్క్ బోర్డు జంక్షనూ, నువ్వే నా అన్నదాతవి,
నీ మీద ఫ్లైఓవర్ ఎప్పటికీ పూర్తవకూడదు.

రాత్రి పదకొండు దాటాక పాడ్‌కాస్ట్.
గోడ బీరువాలో.
చీరలు గొంతుని మెత్తగా పట్టుకుంటాయి,
కలరా ఉండల వాసన మైకుకి వినపడదు.
పై ఇంటి మోటారు ఆగాలి,
వెనక్కి వెళ్తూ పాడే నీళ్ళ ట్యాంకరు ఆగాలి,
అప్పుడు మొదలవుతుంది "పనిగంట".
అతిథి ఉంటే తలుపులు తెరిచి
ఇద్దరం ఒకే దుప్పటి కింద, దొంగల్లా.
వినేవాళ్ళు నూట ముప్పై నలుగురు.
అందులో రెండు నా ఫోన్లు.

మొన్న తిప్పక్క వచ్చింది.
మెజెస్టిక్‌లో ఇప్పుడు లేని ఒక థియేటర్లో
ముప్పై ఒక్కేళ్ళు టార్చి వేసి సీటు చూపించింది.
అడిగాను: "నీకు బాగా నవ్వొచ్చిన సీనేది అక్కా?"

ఏమీ అనలేదు.
ఒకటి, రెండు, మూడు…
స్టేజీ మీద పదకొండు సెకన్లంటే
చావు, దినం, భోజనాలు, పంపకాలు కూడా అయిపోతాయి.
నా అరిచేతులు చెమట పట్టాయి. ఏదో ఒక జోకు
నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.

"నేను ఏపొద్దూ తెర చూళ్ళేదు పాపా.
నా మొగం జనం తట్టే.
వాళ్ళు నగితే మంచి సీను అనుకుంటా ఉంటి."
ఇంకాసేపాగి,
"ఒకాయన మాత్రం నగేవాడు కాదు.
ఆ సినిమా ఆడినన్ని రోజులూ వచ్చినాడు."

తెల్లవారుజామున ఎడిటింగ్‌కి కూర్చుంటే
తెర మీద ఆ పదకొండు సెకన్లు సన్నటి గీత.
కత్తిరించబోయి హెడ్‌ఫోన్ పెట్టుకున్నా.
గాజు దేనికో తగిలిన చప్పుడు. ఆమె ఊపిరి.
నా ఊపిరి, తొందరగా.
ఉంచేశాను.
"నెట్టు పోయిందా?" అని ముగ్గురు మెసేజ్ పెట్టారు.

మళ్ళీ మంగళవారం.
మూడో కుర్చీలో చారల చొక్కా ఆయన నవ్వడం లేదు.
పోయిన వారమూ నవ్వలేదు, అదే కుర్చీ.
తిప్పక్క గుర్తొచ్చింది.
ఈసారి తొందరపడకూడదనుకుని
జోకు చెప్పి ఊరుకున్నా.
ఒకటి. రెండు. కాఫీ మిషను బుస్సుమంది.
ఐదు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.
ఆరు.
ఏడు దగ్గర ధైర్యం చాల్లేదు.
ఓబుల్ వాళ్ళమ్మని పిలిచేశాను.